తెర మీద తలకట్టు: పాత కంప్యూటర్‌లో వింత గీత, ఎవరికైనా తెలుసా?

దేవరకొండ డీటీపీ
ఆదివారం, రాత్రి 9:12

అందరికీ నమస్తే. మా ఇంట్లో 2010లో అసెంబుల్ చేయించిన డెస్క్‌టాప్ ఉంది. కోర్ 2 డ్యుయో, ఇంటెల్ జీ41 చిప్‌సెట్ బోర్డు, 2 జీబీ డీడీఆర్3 ర్యామ్‌లు రెండు. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు. 18.5 అంగుళాల ఎల్‌సీడీ మానిటర్, దానికి బొమ్మ తెచ్చే వీజీఏ కేబుల్. విండోస్ 7, 32 బిట్.

మా నాయన దాని మీద పెండ్లి కార్డులు కంపోజ్ చేస్తారు. దేవరకొండలో చాలా ఏండ్లు షాపు నడిపి, ఇప్పుడు ఇంట్లోనే తెలిసినవాళ్లకు చేసిపెడుతున్నారు. పది రోజుల కింద ఒక కార్డులో వరుడి పేరు మీద తలకట్టు ఒకటి ఎక్కువ పడిందని తీసేయబోయారు. పోలేదు. అక్షరం కొట్టేసి మళ్లీ టైప్ చేశారు, అయినా ఉంది. ప్రింట్ తీస్తే కాగితం మీద మాత్రం లేదు. పేజీ కొంచెం పైకి జరిపితే ఆ గీత వరుణ్ణి వదిలేసి మేనమామ పేరు మీద కూర్చుంది.

అంటే గీత అక్షరానికి కాదు, తెరకు అంటుకుని ఉంది. బియ్యపు గింజంత పొడవు, లేత గులాబీ రంగు. తెరకు కుడిపక్కన, పైనుంచి మూడింట రెండు వంతులు కిందికి. తెల్ల పేజీ మీదే కనిపిస్తుంది, నల్లటి దాని మీద కనపడదు. ఆన్ చేయగానే వచ్చే నల్ల తెర మీద కూడా ఏమీ లేదు.

మా నాయన ఇదంతా మాకు చెప్పకుండా, తన కండ్లకే ఏదో అయిందనుకుని నల్లగొండ పోయి డాక్టరుకు చూపించుకుని వచ్చారు. శుక్లం మొదలైంది కానీ ఇంకా ఆపరేషన్ దాకా రాలేదన్నారట. ఆ తర్వాత నాకు చెప్పారు. ఇక్కడి రిపేర్ షాపులో అడిగితే మదర్‌బోర్డ్ పోయింది, మార్చాలన్నారు. ఈ వారం సెలవులో ఇంట్లోనే ఉన్నాను, ఏ టెస్ట్ చెప్పినా చేస్తాను.


జడ్చర్ల జంక్షన్
ఆదివారం, రాత్రి 9:31

ముందు వీజీఏ కేబుల్ తీసి మళ్లీ పెట్టు తమ్ముడూ. రెండు పక్కలా స్క్రూలు బిగించు. నూటికి తొంభై అదే.


చౌటుప్పల్ బైపాస్
ఆదివారం, రాత్రి 9:40

పదిహేనేండ్ల డబ్బా ఇంకా ఎందుకండీ? విండోస్ 7కి 2020 జనవరిలోనే సపోర్ట్ ఆగిపోయింది. ఒక లాప్‌టాప్ కొనివ్వండి నాన్నగారికి.


దేవరకొండ డీటీపీ
ఆదివారం, రాత్రి 10:05

జంక్షన్ అన్నా, కేబుల్ తీశాను. మధ్య వరుసలో ఒక పిన్ లేదు! విరిగిపోయిందేమో అని టెన్షన్‌గా ఉంది. లోపల ఇరుక్కుందా? అన్నట్టు నేను తమ్ముణ్ణి కాదు, చెల్లెల్ని.

బైపాస్ గారూ, కొనివ్వడానికి రెడీ, ఆయన తీసుకోరు. ఆయన పనంతా పేజ్‌మేకర్‌లో, 'అను' అనే తెలుగు ఫాంట్లతో ఉంది. ఇన్నేండ్ల ఫైళ్లు. ఆ ఫాంట్ లేని చోట తెరిస్తే తెలుగు బదులు పిచ్చి ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు వస్తాయి. యూనికోడ్‌లోకి మార్చవచ్చు కానీ మార్చిన ప్రతిసారీ ఒత్తులు ఎక్కడో ఒకచోట తప్పుతాయి, మళ్లీ అక్షరం అక్షరం చూసుకోవాలి. కీబోర్డు లేఅవుట్ కూడా ఆయన వేళ్లకు ఎక్కిపోయింది. అందుకని ఈ డబ్బా బతకాలి. నెట్ కనెక్షన్ దానికి ఇవ్వలేదు, పెన్‌డ్రైవ్‌తోనే నడుస్తుంది.


పాలమూరు రిపేర్
ఆదివారం, రాత్రి 10:48

అమ్మా, ఆ పిన్ గురించి భయపడకు. వీజీఏలో మూడు వరుసల్లో 15 పిన్నులు. మధ్య వరుసలోని 9వ పిన్ చాలా కేబుళ్లకు అసలు పెట్టరు. అది లేకుండానే బొమ్మ వస్తుంది.

పైగా ఇది కేబుల్ రోగం లాగా లేదు. కేబుల్‌లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒక్కోదానికి ఒక్కో తీగ. నీలం తీగ తెగితే తెర మొత్తం పసుపు తిరుగుతుంది, ఆకుపచ్చ తెగితే మొత్తం వంకాయ రంగు. ఒక్క చోట గింజంత గీత మాత్రమే గీసి ఊరుకునే కేబుల్ ఉండదు.

మిగిలినవి రెండు. మానిటర్ ప్యానెల్‌లో పిక్సెళ్లు (బొమ్మను కట్టే చిన్న చుక్కలు) చచ్చిపోయి ఉండాలి, లేదంటే కంప్యూటరే తప్పు బొమ్మ పంపుతుండాలి. ప్రింట్ స్క్రీన్ కొట్టి, పెయింట్‌లో పేస్ట్ చేసి చూడు. గీత అందులోకి వచ్చిందా?


మిర్యాలగూడ మిల్లు
ఆదివారం, రాత్రి 11:02

ఇది వోల్టేజీ. మా దగ్గర మిల్లు మోటారు స్టార్ట్ అయినప్పుడల్లా ఇంట్లో టీవీ వణుకుతుంది. ముందు స్టెబిలైజర్ పెట్టి చూడండి. ఎర్తింగ్ గుంతలో నీళ్లు పోసి ఎన్ని నెలలైంది?


దేవరకొండ డీటీపీ
సోమవారం, ఉదయం 8:20

రిపేర్ అన్నా, చేశాను. పేస్ట్ చేసిన బొమ్మలో కూడా గీత ఉంది. సరిగ్గా అక్కడే. అంటే కంప్యూటర్‌దే తప్పు కదా?


పాలమూరు రిపేర్
సోమవారం, ఉదయం 9:15

ఆ బొమ్మను ఎక్కడ చూశావు? అదే మానిటర్ మీదనా?


దేవరకొండ డీటీపీ
సోమవారం, ఉదయం 9:22

అయ్యో! అవును. ఏ బొమ్మ తెరిచినా ఆ చోట గీత ఉంటుంది కదా. నా తెలివికి నేనే నవ్వుకుంటున్నాను. ఫోన్‌లోకి ఎక్కించి చూస్తా.


దేవరకొండ డీటీపీ
సోమవారం, ఉదయం 9:50

ఫోన్‌లో కూడా ఉంది! పెద్దది చేసి చూస్తే అది గీత కాదు, ఎనిమిది చుక్కలు. ఒక పిక్సెల్ గులాబీ, పక్కది మామూలు తెలుపు, మళ్లీ గులాబీ. ఒకటి విడిచి ఒకటి, ముగ్గులో చుక్కలు పెట్టినట్టు.


పాలమూరు రిపేర్
సోమవారం, ఉదయం 10:30

బంగారం లాంటి సమాచారం ఇచ్చావమ్మా. మానిటర్‌కు క్లీన్ చిట్. స్క్రీన్‌షాట్ తీసేది కంప్యూటర్ లోపల, మానిటర్‌లోని మచ్చ అందులోకి రాదు. (దీన్ని తిరగేసి మాత్రం చెప్పకూడదు. స్క్రీన్‌షాట్ శుభ్రంగా ఉన్నంత మాత్రాన మానిటర్‌దే తప్పని తేల్చలేం, బొమ్మ బయటికి పోయే దారిలోనూ చెడవచ్చు.)

మిల్లు గారూ, వోల్టేజీ ఊగితే బొమ్మ మొత్తం ఊగుతుంది, లేకపోతే మెషిన్ రీస్టార్ట్ అవుతుంది. పది రోజుల పాటు ఏరికోరి ఆ ఎనిమిది చుక్కల్నే పట్టుకోదు. ఎర్తింగ్‌లో నీళ్లు పోయడం మంచిదే, అది వేరే సంగతి.

ఇప్పుడు ఒక చిన్న ప్రయోగం. రిజల్యూషన్ 1366×768 నుంచి 1024×768కి మార్చు. నా అనుమానం నిజమైతే గీత చోటు మారాలి. కిందికి జారుతుందనుకుంటున్నా.


మూసీ ఒడ్డు
సోమవారం, ఉదయం 11:10

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. మా మానిటర్ పొద్దున ఆన్ చేస్తే ఇరవై నిమిషాలు టపటపా కొట్టుకుంటుంది, వేడెక్కాక బాగైపోతుంది. ఇదీ అదే రోగమా?


పాలమూరు రిపేర్
సోమవారం, ఉదయం 11:25

కాదన్నా. మీది మానిటర్ పవర్ బోర్డులో కెపాసిటర్లు ఎండిపోయిన లక్షణం. చల్లగా ఉన్నప్పుడు పని చేయవు, వేడెక్కితే కొంత తేరుకుంటాయి. విప్పితే ఒకటో రెండో పైన ఉబ్బి కనపడవచ్చు. అదే విలువ, అంతే లేదా ఎక్కువ వోల్టేజీ రేటింగ్ ఉన్నవి వేస్తే సరిపోతుంది, ఖర్చు చాలా తక్కువ. కానీ చేయి తిరిగినవాళ్లతోనే వేయించండి. 230 వోల్ట్ల కరెంటు లోపలి పెద్ద కెపాసిటర్‌లో సుమారు 325 వోల్ట్లయి కూర్చుంటుంది. ప్లగ్ పీకిన తర్వాత కూడా కాసేపు ఉంటుంది. నేను నేర్చుకునే రోజుల్లో ఒకసారి ముట్టుకున్నా. రెండోసారి ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.


దేవరకొండ డీటీపీ
సోమవారం, మధ్యాహ్నం 12:40

రిజల్యూషన్ మార్చాను. గీత జరిగింది! కిందికి, ఎడమపక్కకు పోయింది. మళ్లీ 1366 పెడితే పాత చోటికే వచ్చింది. మా నాయన పక్కనే ఉండి చూశారు. "దీనికి కాళ్లున్నయి" అంటున్నారు. ఎట్లా చెప్పగలిగారు అన్నా?


పాలమూరు రిపేర్
సోమవారం, మధ్యాహ్నం 2:05

నాన్నగారు పెండ్లి కార్డులు వేస్తారు కాబట్టి పెండ్లి భోజనాల లెక్కలోనే చెప్తా.

మీ కంప్యూటర్‌లో గ్రాఫిక్స్‌కు సొంత మెమరీ లేదు. ర్యామ్‌లోనే ఒక ముక్క తీసుకుని, తెర మీద కనపడాల్సిన బొమ్మను అందులో వరసగా పరుచుకుంటుంది. విస్తరాకులు పరిచినట్టు. ఇప్పుడు 66వ విస్తరి చిరిగిందనుకోండి. బంతికి 14 మందిని కూర్చోబెడితే ఆ విస్తరి ఐదో బంతిలో పదోది. అదే బంతికి 10 మంది అయితే ఏడో బంతిలో ఆరోది. చిరిగిన విస్తరి అదే, కానీ చూసేవాళ్లకు కిందికి, ఎడమకు జరిగినట్టు ఉంటుంది.

ఇక్కడ ఒక్కో పిక్సెల్‌కు 4 బైట్లు. 1366 వెడల్పుకు వరుసకు 5,464 బైట్లు, 1024కు 4,096. వరుస పొట్టిదైంది, గీత కిందికి పోయింది. మానిటర్ పిక్సెల్ చచ్చి ఉంటే అది గాజు మీద ఉన్నచోటే ఉండేది.

కాబట్టి నా పందెం ర్యామ్ మీద. ముందు రెండు స్టిక్కులూ తీసి, ఆ బంగారు రంగు పళ్లను పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడి బ్రష్‌తో తుడిచి, మళ్లీ పెట్టు. ప్లగ్ పీకడం మరిచిపోవద్దు. తగ్గకపోతే పెన్‌డ్రైవ్‌లో మెమ్‌టెస్ట్86 ప్లస్ (ర్యామ్‌ను పరీక్షించే ప్రోగ్రాం) వేసి రాత్రంతా వదిలెయ్.


చౌటుప్పల్ బైపాస్
సోమవారం, మధ్యాహ్నం 2:30

విస్తరాకు ఉదాహరణ అదిరింది. లాప్‌టాప్ మాట వెనక్కి తీసుకుంటున్నా.


దేవరకొండ డీటీపీ
మంగళవారం, ఉదయం 7:45

రబ్బరుతో రుద్దాను, ఒక డొప్పెడు దుమ్ము వచ్చింది, గీత మాత్రం పోలేదు. రాత్రి మెమ్‌టెస్ట్ పెట్టాను. రెండున్నరకు కరెంటు పోయి ఆగిపోయింది, మూడింటికి లేచి మళ్లీ పెట్టాను. ఇప్పటికి మొత్తం పాస్. ఎర్రర్లు సున్నా.

అంటే ర్యామ్ మంచిదే అన్నట్టా? షాపాయన చెప్పినట్టు బోర్డే పోయిందా?


మిర్యాలగూడ మిల్లు
మంగళవారం, ఉదయం 8:10

నేను మొదటి రోజే చెప్పిన. వోల్టేజీ.


జడ్చర్ల జంక్షన్
మంగళవారం, ఉదయం 8:40

డిస్‌ప్లే డ్రైవర్ తీసేసి మళ్లీ వేసి చూడు చెల్లే. బయోస్‌లో (విండోస్ రాకముందు తెరుచుకునే సెట్టింగులు) గ్రాఫిక్స్ మెమరీ 32 ఎంబీ ఉంటుంది, దాన్ని 128 పెట్టు. నాకు ఒకసారి అట్లాగే తగ్గింది.


దేవరకొండ డీటీపీ
మంగళవారం, ఉదయం 10:15

డ్రైవర్‌తో ఏమీ మారలేదు. కానీ బయోస్‌లో 32 తీసి 128 పెట్టగానే గీత మాయం! 1366లోనూ లేదు, 1024లోనూ లేదు. జంక్షన్ అన్నా, మీకు దండం. మా నాయన అప్పుడే కొత్త కార్డు మొదలుపెట్టేశారు.


పాలమూరు రిపేర్
మంగళవారం, ఉదయం 11:50

ఆగమ్మా! నాన్నగారిని ఆ ఫైల్ సేవ్ చేయకుండా లేవమని చెప్పు. నిజంగా చెప్తున్నా.

పొద్దున దుకాణంలో జనం ఉండి మీ పోస్టు ఇప్పుడే చూశా. తప్పు నాది, నిన్ననే చెప్పాల్సింది. బయోస్ గ్రాఫిక్స్‌కు పక్కన పెట్టిన ముక్కను మెమ్‌టెస్ట్ ముట్టుకోదు. ముట్టుకుంటే తెర మీది బొమ్మే చెదిరిపోతుంది. మన చిరిగిన విస్తరి ఉన్నదే ఆ ముక్కలో. అందుకే సున్నా ఎర్రర్లు. దొంగ దాక్కున్న గది ఒక్కటి విడిచి ఇల్లంతా వెతికినట్టయింది.

32ని 128 చేస్తే ఆ ముక్క మొదలయ్యే చోటు మారింది. బొమ్మ ఇప్పుడు వేరే చోట పరుచుకుంటోంది. పాడైన గడి ఎక్కడికీ పోలేదు, మన కంటికి కనపడని చోట ఉందంతే. జంక్షన్ గారికి తగ్గిందంటే అదీ ఇట్లాగే దాక్కుని ఉండవచ్చు. తెర మీద గీత ఉన్నప్పుడు నష్టం లేదు, ప్రింట్ శుభ్రంగా వచ్చింది. ఆ గడిలోకి రేపు నాన్నగారి ఫైల్ ముక్క వచ్చిందంటే గీత పోయి ఫైల్ పాడవుతుంది. అప్పుడు తెలిసే దారి కూడా ఉండదు.

మళ్లీ 32 పెట్టు. తర్వాత ఒక్కో స్టిక్కు మాత్రమే పెట్టి నడిపించు.


దేవరకొండ డీటీపీ
మంగళవారం, మధ్యాహ్నం 3:30

ఆయన సేవ్ చేసేశారు, కానీ అసలు ఫైల్ పెన్‌డ్రైవ్‌లో వేరే కాపీ ఉంది.

32 పెట్టగానే గీత తిరిగి వచ్చింది. తర్వాత ఒక్కో స్టిక్కు చూశాను. గందరగోళం ఇంకా పెరిగింది. మొదటిది ఒక్కటే పెడితే గీత లేదు. రెండోది ఒక్కటే పెట్టినా లేదు! రెండూ కలిపి పెడితేనే ఉంది. రెండూ మంచివైతే కలిస్తే ఎందుకు కొట్లాడుతున్నాయి?


చౌటుప్పల్ బైపాస్
మంగళవారం, మధ్యాహ్నం 3:42

అత్తాకోడళ్లు.


పాలమూరు రిపేర్
మంగళవారం, సాయంత్రం 4:20

సరిగ్గా ఇక్కడే చాలామంది బోర్డు మార్చేస్తారు. బోర్డును ఏమీ అనవద్దు ఇంకా.

రెండు స్టిక్కులున్నప్పుడు మొత్తం 4 జీబీ. అప్పుడు గ్రాఫిక్స్ ముక్క 3 జీబీ దాటిన తర్వాత ఎక్కడో కూర్చుంటుంది. ఒక్క స్టిక్కే ఉంటే మొత్తమే 2 జీబీ, ముక్క పోయి ఆ 2 జీబీ చివర్లో కూర్చుంటుంది. రెండు సందర్భాల్లో అది స్టిక్కులోని ఒకే గడి మీద పడదు. కాబట్టి పాడైన స్టిక్కు ఒంటరిగా ఉన్నా తెర శుభ్రంగానే ఉంటుంది. కానీ ఇప్పుడు ఆ గడి మామూలు మెమరీలోకి వచ్చింది, అంటే మెమ్‌టెస్ట్ చేతికి చిక్కుతుంది.

ఒక్కో స్టిక్కుతో మెమ్‌టెస్ట్ మళ్లీ పెట్టు. ఎర్రర్ వస్తే 'ఎర్రర్ బిట్స్' కింద ఉన్న అంకె ఫొటో తీయి.


దేవరకొండ డీటీపీ
మంగళవారం, రాత్రి 8:55

మొదటి స్టిక్కు: పూర్తి పాస్, సున్నా ఎర్రర్లు.

రెండో స్టిక్కు: పావుగంట కాకముందే ఎర్రగా వరసలు మొదలైనయి! అడ్రస్ దాదాపు ఒకటే, చివరి అంకెలు మాత్రం మారుతున్నాయి. ఎర్రర్ బిట్స్ అన్నింటికీ ఒకటే: 00008000.


పాలమూరు రిపేర్
మంగళవారం, రాత్రి 9:30

చూశావా! ఇరవై ఏండ్ల పనిలో ఇంత శుభ్రంగా లెక్క కలవడం నేను చూడలేదు.

ఒక పిక్సెల్‌కు 32 బిట్లు, ఒక్కో బిట్ సున్నా లేదా ఒకటి. కింది 8 నీలం, తర్వాతి 8 ఆకుపచ్చ, ఆపైన 8 ఎరుపు. 00008000 అంటే ఆకుపచ్చలోని అన్నింటికన్నా పై బిట్. తెలుపులో ఆకుపచ్చ 255 ఉండాలి, ఆ బిట్ సున్నా దగ్గర ఇరుక్కుపోయి 127 అవుతోంది. ఎరుపు, నీలం నిండుగా ఉండి ఆకుపచ్చ సగం తగ్గితే లేత గులాబీ. నలుపులో ఆ బిట్ ముందే సున్నా కాబట్టి తేడా తెలియదు. ర్యామ్ ఒకేసారి 64 బిట్లు, అంటే రెండు పిక్సెళ్లు అందిస్తుంది. ఇరుక్కున్నది అందులో ఒక తీగ మీది బిట్టే. అందుకే ఒకటి విడిచి ఒకటి. డీడీఆర్3 ఒక్క విడతలో అట్లా ఎనిమిది సార్లు అందిస్తుంది. అందుకే ఎనిమిది చుక్కలు.

ఆ స్టిక్కు తీసి పక్కన పడెయ్. నాన్నగారి పనికి 2 జీబీ చాలు. కావాలంటే ఇంకొకటి కొనండి కానీ ఒక మాట: జీ41 బోర్డులు కొన్ని కొత్త రకం చిప్పుల ర్యామ్‌లను గుర్తించవు. 2 జీబీ స్టిక్కుకు రెండు పక్కలా ఎనిమిదేసి చిప్పులున్న పాతది అడగండి. డీడీఆర్2 ఇస్తే గాడి దగ్గరే కూర్చోదు, బలవంతంగా నొక్కవద్దు.


మిర్యాలగూడ మిల్లు
మంగళవారం, రాత్రి 9:48

మరి ర్యామ్ ఎందుకు పాడైంది? వోల్టేజీ వల్లనే కదా?


పాలమూరు రిపేర్
మంగళవారం, రాత్రి 9:55

కావచ్చన్నా. ఈసారి కాదనలేను.


దేవరకొండ డీటీపీ
శనివారం, సాయంత్రం 6:10

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు పోయి పాతది ఒకటి తెచ్చాను. పదహారు చిప్పులు లెక్కపెట్టి మరీ తీసుకున్నా, కౌంటర్‌లో కుర్రాడు వింతగా చూశాడు. రెండూ కలిపి, 32 ఎంబీ దగ్గరే పెట్టి నడిపిస్తున్నాం. గీత లేదు. మెమ్‌టెస్ట్ మూడుసార్లు పాస్. రిపేర్ అన్నా, పాలమూరు వచ్చినప్పుడు తప్పకుండా మీ దుకాణానికి వస్తాను.

మీరు చెప్పారని ఈ పది పదిహేను రోజుల ఫైళ్లన్నీ తెరిచి చూశాం. ఏదీ పాడవలేదు. కానీ ఒకటి దొరికింది. పోయిన వారం ప్రింటుకు ఇచ్చిన ఒక కార్డులో 'ఆహ్వానింస్తున్నాము' అని ఉంది, సున్న ఒకటి ఎక్కువ. అది ర్యామ్ పని కాదు, మా నాయన వేలే. ఆయన అప్పుడే చూశారట. ఇది కూడా తెరదేలే అనుకుని వదిలేశారట. మూడు వందల కార్డులు పంచేసి ఉన్నారు, పెండ్లి ఎల్లుండి.


చౌటుప్పల్ బైపాస్
శనివారం, సాయంత్రం 6:25

పెండ్లివాళ్లు ఏమైనా అన్నారా?


దేవరకొండ డీటీపీ
శనివారం, సాయంత్రం 6:31

ఇంకా చూడలేదు. నాయన కూడా భోజనానికి పోతున్నారు, మీరెవరూ చెప్పకండి.